ఇంట్లోనే ట్యాపెట్ సెట్టింగ్: సిటీ వీటెక్, 16 వాల్వులు, పైగా మే నెల

గంటస్తంభం_వీటెక్ | విజయనగరం
అందరికీ నమస్కారం. బండి 2002 మోడల్ హోండా సిటీ 1.5 వీటెక్ (ఇంజన్ స్పీడు పెరిగాక వాల్వుల్ని ఎక్కువగా తెరిచే హోండా ఏర్పాటు). రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కాకపోవచ్చు. కానీ శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు దాని 106 హార్స్ పవర్ విన్నవాళ్లెవరూ మామూలు ఫ్యామిలీ కారు అనరు. నాన్నగారు కొన్నది, ఇప్పుడు నేను నడుపుతున్నాను. రీడింగ్ లక్షా డెబ్భై వేలు దాటింది. అమ్మే ఉద్దేశం లేదు.

సమస్య ఇదీ. పొద్దున్న ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది, చక్కగా నడుస్తుంది. హైవే మీద భోగాపురం దాకా కాస్త గట్టిగా తోలి ఎక్కడైనా ఆపితే మాత్రం ఐడిల్‌లో వణుకు మొదలవుతుంది. వేడి మీద ఇంజన్ ఆపి మళ్లీ తాళం తిప్పితే చాలాసేపు సెల్ఫ్ కొట్టాలి. ప్లగ్గులు, వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మార్పించాను. థ్రాటిల్ బాడీ కడిగించాను. తేడా లేదు.

ఒక గ్యారేజీలో ట్యాపెట్ల సంగతి, అంటే వాల్వుల్ని నొక్కి తెరిచే రాకర్లకీ వాల్వులకీ మధ్య ఉండాల్సిన గ్యాపుల సంగతి, అడిగాను. హెడ్ కవర్ విప్పకుండానే "సౌండేమీ లేదు కదండీ, ట్యాపెట్లు బ్రహ్మాండంగా ఉన్నాయి" అన్నారు, ఇగ్నిషన్ కాయిల్ మార్చమన్నారు. కాయిల్‌కి డబ్బు పెట్టే ముందు హెడ్ కవర్ విప్పి గ్యాపులు నేనే చూసుకుందామనుకుంటున్నాను. స్పానర్లు, సాకెట్ సెట్టు, టార్క్ రెంచి ఉన్నాయి. ఫిల్లర్ గేజ్ (సన్నని గ్యాపులు కొలిచే పలుచని రేకు ఆకుల సెట్టు) కొనాలి. ఇంటి దగ్గర ఈ పని చేసుకున్నవాళ్లుంటే చెప్పండి. ముఖ్యంగా వీటెక్ రాకర్ల మధ్య ఏది ముట్టుకోవాలో, ఏది ముట్టుకోకూడదో కావాలి.

చీపురుపల్లి_చిన్నా | చీపురుపల్లి
అన్నా, సౌండ్ లేకపోతే ట్యాపెట్లు బాగున్నట్టే కదా? లూజైతేనే టిక్ టిక్ అంటాయి. మా మావయ్య గారి జిప్సీకి అలాగే వస్తే టైట్ చేయించారు, సౌండ్ పోయింది. ట్యాపెట్ల మీద అనవసరంగా అనుమానం పెట్టుకున్నావేమో.

నాగావళి_మాస్టారు | శ్రీకాకుళం
చిన్నా, ఆ మాటే చాలా ఇంజన్లను చంపింది. ట్యాపెట్ లూజైతే చప్పుడు చేసి చెబుతుంది. టైటైతే ఏమీ చెప్పదు, లోపల్లోపల వాల్వు కాలిపోతుంది. నేను పాలిటెక్నిక్ వర్క్‌షాపులో ఇంజన్లు విప్పించి చూపించినవాణ్ని. చప్పుడు చేసే ఇంజన్ కంటే హఠాత్తుగా మెత్తబడిన ఇంజన్ అంటేనే నాకు భయం.

కారణం చెబుతాను. ఎగ్జాస్ట్ వాల్వు (కాలిన గ్యాసుని బయటికి వదిలేది) తల మండుతున్న గ్యాసులోనే ఉంటుంది. ఆ వేడిలో ఎక్కువ భాగం పోయే దారి సీటింగే, అంటే హెడ్‌లో వాల్వు ఆనుకునే రింగు. వాల్వు మూసుకుని సీటింగుకి ఆనుకున్న ఆ కాసేపట్లోనే వేడి హెడ్‌లోకి, అక్కణ్నుంచి కూలెంట్‌లోకి పోతుంది. వేడెక్కిన వాల్వు కాడ సాగుతుంది. ఆ సాగుదలకు చోటుంచడానికే రాకర్‌కీ వాల్వు కొసకీ మధ్య గ్యాప్ వదులుతారు. ఆ గ్యాప్ చాలకపోతే ఇంజన్ వేడెక్కాక రాకర్ వాల్వుని పూర్తిగా మూసుకోనివ్వదు. వెంట్రుకవాసి సందు చాలు. అందులోంచి మంట దూసుకుపోతుంది, వేడి పోయే దారి మూసుకుపోతుంది, అంచు కాలి చిట్లుతుంది. ఆ తర్వాత ట్యాపెట్ సెట్టింగ్ కాదు, హెడ్ దించాలి.

మరి గ్యాప్ దానంతటది ఎందుకు తగ్గుతుంది? రాకర్, దాన్ని కదిలించే క్యామ్ అరిగితే గ్యాప్ పెరుగుతుంది. సీటింగ్ అరిగితే వాల్వు పైకి జరుగుతుంది, గ్యాప్ తగ్గుతుంది. ఈ రెండూ ఒకే ఇంజన్లో ఒకేసారి జరుగుతుంటాయి. ఎగ్జాస్ట్ వైపు ఎక్కువగా తగ్గడమే చూస్తాం.

గంటస్తంభం వారూ, మీరు చెప్పిన లక్షణం సరిగ్గా ఇదే. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక ఐడిల్ చెడి, వేడి స్టార్టింగ్ కష్టమవుతోందంటే నా అనుమానం టైట్ ఎగ్జాస్ట్ మీదే. కాయిల్ కొనకండి. ముందు గ్యాపులు కొలవండి.

గంటస్తంభం_వీటెక్ | విజయనగరం
మాస్టారూ, ధన్యవాదాలు. ఈ సిరీస్ ఇంజన్ వర్క్‌షాప్ మాన్యువల్ నా దగ్గర ఉంది. ఇన్‌టేక్ 0.18 నుంచి 0.22 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ 0.23 నుంచి 0.27 అని ఉంది. హెడ్ వేడి 38 డిగ్రీల లోపు ఉన్నప్పుడే చూడాలన్నారు. నాకొచ్చిన టెన్షన్ ఇక్కడే. మా కారు రేకుల షెడ్డులో ఉంటుంది. ఈ నెలలో మధ్యాహ్నం ఆ షెడ్డులో మనిషి నిలబడలేడు, ఇంజన్ స్టార్ట్ చేయకపోయినా బోనెట్ ముట్టుకోలేం. మరి "చల్లని ఇంజన్" అంటే ఎలా?

నాగావళి_మాస్టారు | శ్రీకాకుళం
మంచి ప్రశ్న. రాత్రంతా బండి కదపకండి. తెల్లవారుజామున, ఎండ రేకుల మీద పడకముందే పని మొదలుపెట్టండి. మే నెలలోనైనా మన జిల్లాల్లో ఆ వేళకి గాలి 30 లోపే ఉంటుంది, రాత్రంతా నిలబడ్డ హెడ్ కూడా దాదాపు అంతే ఉంటుంది. షెడ్డు వేడెక్కేలోపు కొలతలైనా పూర్తి కావాలి. పూర్తి కాకపోతే హెడ్ మీద శుభ్రమైన గుడ్డ కప్పి మర్నాడు తెల్లవారి మళ్లీ మొదలుపెట్టండి. సగం చల్లగా, సగం వేడిగా సెట్ చేసిన ఇంజన్లో ఏ కొలతనీ నమ్మలేం.

బొబ్బిలి_షెడ్డు | బొబ్బిలి
నేను మెకానిక్‌ని, బొబ్బిలిలో చిన్న షెడ్డు నాది. ఆ గ్యారేజీ వాళ్లు కవర్ విప్పకుండా చెప్పడం తప్పే. అయితే ఏటంటే, మా వైపు నుంచి కూడా ఒక మాట వినాలి.

బండి తెచ్చిన ప్రతి ఒక్కరూ అడిగేది ఒక్కటే: "సౌండ్ తగ్గించు." గేజ్ పెట్టి సరిగ్గా 0.25 సెట్ చేసి పంపిస్తే, సాయంత్రానికి తిరిగొచ్చి "ఇంకా టిక్ టిక్ అంటోంది, పని రాదా నీకు?" అంటారు. పక్క షెడ్డుకి పోతారు. ఆయన పావు తిప్పు టైట్ చేసి పంపిస్తాడు, బండి మెత్తగా ఉంటుంది, ఆయన మంచి మెకానిక్ అవుతాడు. ఏడాది తర్వాత వాల్వు కాలితే ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. చెవితో ట్యాపెట్లు సెట్ చేసే అలవాటు మాకు అలా వచ్చింది. సౌండ్ పోవాలని కస్టమర్ పట్టుబడితే దానికి బలయ్యేది వాల్వే. నా షెడ్డులో ఇప్పుడు ముందే చెబుతాను: ఈ ఇంజన్ కాస్త టిక్ టిక్ అంటుంది, అనాలి కూడా, ఇష్టమైతేనే విప్పుతాను అని.

ఇంకొకటి. కొన్ని ఇంజన్లకి కంపెనీ వేడి మీద సెట్టింగ్ ఇస్తుంది, కొన్నిటికి చల్లగా. పాత బండ్ల మీద పని నేర్చుకున్నవాళ్లు అన్నిటికీ వేడి మీదే పెట్టేస్తారు. మీ బండికి ఏది ఉందో ఆ పుస్తకమే చూడండి, పక్క బండి లెక్క పనికిరాదు.

గంటస్తంభం_వీటెక్ | విజయనగరం
అన్నా, నిజం చెప్పారు. ఈ కోణం నేనెప్పుడూ ఆలోచించలేదు. మరి పద్ధతి చెప్పండి. ఏ సిలిండర్ ఎప్పుడు సెట్ చేయాలో మీరెలా చూస్తారు?

బొబ్బిలి_షెడ్డు | బొబ్బిలి
ముందు భద్రత. హ్యాండ్‌బ్రేక్, వెనక చక్రాలకి అడ్డు రాళ్లు, ఎడమ ముందు చక్రం జాకీ మీద లేపాక కింద స్టాండు. ఒట్టి జాకీ మీద బండిని వదిలి చెయ్యి పెట్టొద్దు. చక్రం విప్పితే క్రాంక్ పుల్లీ బోల్టు అందుతుంది. నాలుగు ప్లగ్గులూ తీసేయండి, ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది. తీసే ముందు ప్లగ్ గుంతల్లో దుమ్ము గాలితో ఊదించండి, తీశాక గుడ్డ కుక్కండి. చిన్న నట్టు ఒకటి అందులో పడితే రోజంతా పోతుంది.

ఈ హోండా ఇంజన్ పుల్లీ వైపు నుంచి చూస్తే ఎడమకి తిరుగుతుంది, అంటే గడియారానికి ఎదురు. చాలా ఇంజన్లు కుడికి తిరుగుతాయి కాబట్టి చెయ్యి అలవాటు మీద అటే పోతుంది. ఎప్పుడూ ఎడమకే తిప్పండి. గుర్తు దాటిపోతే వెనక్కి లాగకుండా మళ్లీ చుట్టు తిప్పి రండి.

క్యామ్ పుల్లీ మీద అప్ అని గుర్తుంటుంది. అది నిటారుగా పైకి ఉండి, పక్క గీతలు హెడ్ అంచుకి సమానంగా ఉంటే ఒకటో సిలిండర్ కంప్రెషన్ టాప్ మీద (వాల్వులన్నీ మూసుకుని పిస్టన్ పైకొచ్చిన స్థితి) ఉన్నట్టు. ఒకటి సెట్ చేయండి. క్రాంక్ అర చుట్టు తిప్పితే క్యామ్ పావు చుట్టు తిరుగుతుంది, గుర్తు ఎగ్జాస్ట్ వైపు, అంటే రేడియేటర్ వైపు వస్తుంది. ఇప్పుడు మూడు. మళ్లీ అర చుట్టుకి నాలుగు, మళ్లీ అర చుట్టుకి రెండు. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 కదా, అదే వరస.

గుర్తుల మీద అనుమానం వస్తే పాత లెక్క ఉంది: ఒకటికి నాలుగు, రెండుకి మూడు. ఒకటో సిలిండర్ సెట్ చేయాల్సిన స్థితిలో నాలుగో సిలిండర్ రాకర్లు ఊగుతుంటాయి. క్రాంక్‌ని ఎడమకి మెల్లగా తిప్పుతూ గుర్తు దగ్గరికి వస్తుంటే ఒక వాల్వు మూసుకుంటూ ఇంకోటి తెరుచుకుంటూ కనబడతాయి. ఆ జత కళ్లతో చూశాకే నేను గేజ్ తీస్తాను.

ఎయిర్‌కూల్డ్_టెక్కలి | ఊరు టెక్కలి, ప్రస్తుతం అమెరికా
ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. నా దగ్గర పాత ఎయిర్‌కూల్డ్ పోర్షే 911 ఉంది, 3.2 లీటర్ల కరెరా. దాని ట్యాపెట్లు నేనే గరాజులో సెట్ చేసుకుంటాను. ఆరు సిలిండర్లు, ఒక్కోదానికి రెండే వాల్వులు, మొత్తం పన్నెండు. ఇన్‌టేక్ అయినా ఎగ్జాస్ట్ అయినా చల్లని ఇంజన్ మీద 0.10 మిల్లీమీటర్లే. ఫైరింగ్ ఆర్డర్ 1-6-2-4-3-5 కాబట్టి క్రాంక్ ఒక్కోసారి 120 డిగ్రీలు తిప్పుతూ పోవాలి. ఇన్‌టేక్ వాల్వులు పైన ఉంటాయి, ఎగ్జాస్టువి ఇంజన్ కింద. వెల్లకిలా పడుకుని, ఎగ్జాస్టు గొట్టాల సందులోంచి చెయ్యి దూర్చి, కంటికి కనబడని చోట వేళ్ల స్పర్శ మీద గేజ్ పెట్టాలి. ఈ పని 1990ల మధ్యలో వచ్చిన 993 మోడల్‌తో పోయింది, అందులో ఆయిల్ ప్రెషర్‌తో గ్యాప్‌ని తామే సర్దుకునే హైడ్రాలిక్ ట్యాపెట్లు పెట్టారు.

ఆ బండి నేర్పిన ఒక విషయం సిటీకీ పనికొస్తుంది. అడ్జస్టింగ్ స్క్రూ కొస వాల్వు మీద ఏళ్ల తరబడి కొట్టుకుని మధ్యలో గుంట పడుతుంది. ఫిల్లర్ గేజ్ ఆకు చదునుగా ఉంటుంది, గుంట అంచుల మీదే ఆనుతుంది. గేజ్ 0.10 అంటుంది, అసలు గ్యాప్ అంతకంటే ఎక్కువ ఉంటుంది. అందుకే 911 వాళ్లలో కొందరు వాల్వు దగ్గర కొలవడం మానేసి, రాకర్ అవతలి కొసకీ క్యామ్‌కీ మధ్య కొలుస్తారు. సిటీలో అంత దూరం పోనక్కర్లేదు. సరిగ్గా సెట్ చేశాక కూడా ఒకే వాల్వు గట్టిగా టిక్ అంటుంటే ఆ స్క్రూ తీసి కొస చూడండి. దాన్ని టైట్ చేసి నోరు మూయించకండి.

పలాస_పికప్ | పలాస
టెక్కలి గారూ, మన ఊళ్ల పక్కనుంచి వెళ్లినవాళ్లు 911 కిందికి దూరుతున్నారంటే చాలా సంతోషంగా ఉంది. ఫోటోలుంటే పెట్టండి.

నాదో ప్రశ్న. మా నాన్నగారి పాత కారుకి ఎల్పీజీ కిట్టు ఉంది. దానికి కూడా ఇదే వర్తిస్తుందా? ఈ మధ్య వేడి మీద ఐడిల్ ఆగడం లేదు.

నాగావళి_మాస్టారు | శ్రీకాకుళం
అమ్మా, మీ బండికి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. ఎల్పీజీ, సీఎన్జీ పొడి గ్యాసుగా లోపలికి పోతాయి. పెట్రోలు తుంపరలాగా వాల్వుని చల్లబరచడం గానీ, సీటింగ్ మీద పలుచని పొర ఉంచడం గానీ వాటికి చేతకాదు. సీటింగ్ తొందరగా అరుగుతుంది, ఎగ్జాస్ట్ గ్యాప్ తొందరగా తగ్గుతుంది. పెట్రోలు బండికి 40, 50 వేల కిలోమీటర్లకోసారి చూస్తే, గ్యాసు బండికి అందులో సగానికే చూడండి. సెట్ చేసేటప్పుడు ఎగ్జాస్ట్ గ్యాప్ పుస్తకంలోని హద్దులో పై అంచున ఉంచండి. ప్రతిసారీ కొలిచింది రాసిపెట్టండి. మూడుసార్లు వరసగా ఒకే వాల్వు తగ్గుతూ వస్తే ఆ సీటింగ్ పని అయిపోవస్తోందని మీకే తెలుస్తుంది.

చీపురుపల్లి_చిన్నా | చీపురుపల్లి
మాస్టారూ, ఫిల్లర్ గేజ్ "పట్టు" అంటారు కదా, ఎంత పట్టు ఉండాలి? మావయ్య గారి జిప్సీ మీద చూశాను. మెకానిక్ లాగితే ఒకలా ఉంది, నేను లాగితే ఒకలా ఉంది.

నాగావళి_మాస్టారు | శ్రీకాకుళం
ఈ పనంతటికీ ప్రాణం ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

బరువైన పుస్తకం కింద పెట్టిన పోస్టు కార్డుని లాగితే ఎలా వస్తుందో అంత పట్టు చాలు. ఆకు వంగకూడదు, ఇరుక్కోకూడదు, జారిపోనూ కూడదు. కానీ పట్టు ఒక్కో చేతికి ఒక్కోలా తెలుస్తుంది కాబట్టి పిల్లలకి నేను వేరే పద్ధతి చెప్పేవాణ్ని. హద్దులో చిన్న కొలత ఆకు తేలిగ్గా దూరాలి, పెద్ద కొలతని దాటిన ఆకు దూరనే కూడదు. ఇన్‌టేక్‌కి 0.18 హాయిగా పోవాలి, 0.23 పోకూడదు. ఎగ్జాస్ట్‌కి 0.23 హాయిగా పోవాలి, 0.28 పోకూడదు. ఆ ఆకు సెట్టులో లేకపోతే రెండు పలుచని ఆకులు జతచేయండి. ఇలా చేస్తే మీ చెయ్యికీ నా చెయ్యికీ తేడా రాదు.

ఆకుని వాల్వు కొసకి సమాంతరంగా, తిన్నగా దూర్చండి. ఏటవాలుగా పెడితే లేని పట్టు ఉన్నట్టు తెలుస్తుంది. ప్రతి కొలతకీ ముందు ఆకు మీద నూనె తుడవండి. చవక గేజుల మీద రాసిన అంకె ఒకటి, అసలు మందం ఒకటి ఉండటం నేను చూశాను. మైక్రోమీటర్ ఉన్న లేత్ షాపుకి పట్టుకెళ్లి మీరు వాడబోయే నాలుగైదు ఆకులు కొలిపించండి. రెండు నిమిషాల పని.

ఇప్పుడు లాక్‌నట్టు. ఈ హోండాలో అడ్జస్టింగ్ స్క్రూ మర 0.75 మిల్లీమీటర్లది. అంటే ఒక చుట్టు తిప్పితే స్క్రూ 0.75 మిల్లీమీటర్లు దిగుతుంది. లెక్కేస్తే 0.05 మిల్లీమీటర్ల తేడాకి 24 డిగ్రీలు చాలు. గడియారంలో పెద్ద ముల్లు నాలుగు నిమిషాల్లో తిరిగేంత. నట్టు బిగించేటప్పుడు స్క్రూ దానితోపాటు అంత తిరగడం చాలా మామూలు, మీరు పెట్టుకున్న హద్దంతా అందులోనే పోతుంది. కాబట్టి స్క్రూడ్రైవర్‌తో స్క్రూని కదలకుండా పట్టుకుని 10 నంబరు స్పానర్‌తో నట్టు బిగించండి. బిగించాక మళ్లీ రెండు ఆకులతోనూ చూడండి. తేడా వస్తే మళ్లీ వదులు చేసి మొదట్నుంచి. ఒక్కో వాల్వుకి రెండు మూడుసార్లు చేయాల్సి వస్తుంది, అందరికీ అంతే. పదహారు వాల్వులు కదా, తొందర పడకండి. నట్టుకి పుస్తకంలో 20 న్యూటన్ మీటర్లు ఉంటుంది, అంతకు మించి బలం వాడొద్దు.

ఇంకొక్కటి, ఇది నా పట్టుదల. స్క్రూ ఒక్కటీ కదపకముందే పదహారు గ్యాపులూ కొలిచి కాగితం మీద రాయండి. చాలామంది ఒకటో సిలిండర్ దగ్గర కొలుస్తూ సరిచేస్తూ పోతారు. చివరికి ఇంజన్ సరైనా అసలు తప్పు ఎక్కడుందో తెలియదు. జబ్బు ఏ వాల్వుదో చెప్పేది ఆ కాగితం ఒక్కటే.

బొబ్బిలి_షెడ్డు | బొబ్బిలి
మాస్టారి మాటకి నేనూ ఒకటి కలుపుతాను. వీటెక్ సంగతి అడిగారు కదా. ఇన్‌టేక్ వైపు ఒక్కో సిలిండర్‌కి మూడు రాకర్లు కనబడతాయి. అటూ ఇటూ ఉన్న రెండింటికే స్క్రూలు, సెట్ చేసేది అవే. మధ్యలోది పెద్ద క్యామ్‌ది, ఇంజన్ స్పీడు పెరిగాక ఆయిల్ ప్రెషర్‌తో పిన్ను దూరి మూడిటినీ కలిపేస్తుంది. ఆ మధ్య రాకర్‌కి సెట్టింగ్ లేదు. కానీ ఆ సిలిండర్ టాప్ మీద ఉన్నప్పుడు దాన్ని వేలితో నొక్కి చూడండి. పక్కవాటిని లాగకుండా అదొక్కటే కదలాలి. పక్కవాటితో కలిసి కదిలితే లోపల పిన్ను ఇరుక్కున్నట్టు, ఆయిల్ మార్చకుండా తిప్పిన బండ్లలో చూస్తుంటాం.

కవర్ మూసేటప్పుడు కొత్త ప్యాకింగ్, ప్లగ్ గుంతల సీళ్లు నాలుగూ కొత్తవే వేయండి. పాతవి గట్టిపడి ప్లగ్ గుంతల్లోకి ఆయిల్ దిగుతుంది, మిస్సింగ్ వస్తుంది, అది వేరే జబ్బనుకుంటారు. సిలికాన్ పేస్ట్ చివరి క్యామ్ హోల్డర్ల మూలల దగ్గర చుక్క చుక్క చాలు. చుట్టూ పూసేస్తే పిండినది లోపలికి రాలి ఆయిల్ దారి మూస్తుంది. కవర్ నట్లు మెల్లగా, ఎదురెదురుగా.

పలాస_పికప్ | పలాస
మాస్టారూ, ఇంకో చిన్న సందేహం. తమ్ముడి దగ్గర పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ ఉంది. దానికి ఏ ఆకు పెట్టాలి? నెట్‌లో ఎక్కడా అంకె దొరకలేదు.

నాగావళి_మాస్టారు | శ్రీకాకుళం
దానికి ఆకే అక్కర్లేదు. చల్లని ఇంజన్ మీద, కంప్రెషన్ టాప్‌లో, పుష్ రాడ్ (కింద ఉన్న క్యామ్ కదలికని పైన రాకర్‌కి అందించే కడ్డీ) వేళ్లతో తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ ఆట మాత్రం ఉండకూడదు. దాని సెట్టింగ్ అంతే. ఈ లెక్క సిటీకి గానీ జిప్సీకి గానీ వేయొద్దు. పుష్ రాడ్ ఇంజన్లలో బ్యారెల్, రాడ్, హెడ్ వేడికి వేర్వేరుగా సాగుతాయి, అందుకే సున్నా పెట్టినా దానికి సరిపోతుంది.

గంటస్తంభం_వీటెక్ | విజయనగరం
విప్పాను. తెల్లవారుజామునే మొదలుపెట్టాను. థర్మామీటర్ హెడ్ మీద పెడితే 29 చూపించింది. గేజ్ ఆకులు ముందు రోజే లేత్ షాపులో కొలిపించాను. 0.25 అని రాసి ఉన్న ఆకు 0.26 వచ్చింది, మిగతావి సరిగ్గా ఉన్నాయి. మాస్టారు చెప్పినట్టు ఒక్క స్క్రూ కూడా ముట్టుకోకుండా అన్నీ రాశాను.

ఇన్‌టేక్: ఒకటో సిలిండర్ 0.22, 0.24. రెండు 0.22, 0.22. మూడు 0.20, 0.22. నాలుగు 0.25, 0.24.
ఎగ్జాస్ట్: ఒకటి 0.20, 0.21. రెండు 0.19, 0.20. నాలుగు 0.20, 0.22.
మూడో సిలిండర్ ఎగ్జాస్ట్: ఒకటి 0.08. రెండోదాంట్లో 0.05 ఆకు కూడా పట్టి పట్టి వెళ్లింది.

ఆ రెండో వాల్వు దగ్గర కాసేపు అలాగే ఉండిపోయాను. టాప్ మీద లేదేమోనని క్రాంక్ మళ్లీ చుట్టు తిప్పి, రెండో సిలిండర్ రాకర్లు ఊగడం కళ్లతో చూసి, మళ్లీ కొలిచాను. అదే. రాకర్‌ని వేలితో పట్టుకుని ఊపితే మిగతావి కొద్దిగా టక్ అంటాయి, ఇది కదల్లేదు. సౌండ్ లేదంటే ఏంటో అప్పుడు అర్థమైంది.

పలాస_పికప్ | పలాస
0.23 ఉండాల్సిన చోట 0.05 కూడా కష్టమా! ఇంజన్ వేడెక్కితే అది అసలు మూసుకోదు కదా. ఆ కాయిల్ కొని ఉంటే ఇంకో ఏడాది ఇలాగే తిరిగేది బండి.

నాగావళి_మాస్టారు | శ్రీకాకుళం
అంకెలు చూడగానే సంగతి తెలిసిపోతోంది. ఇన్‌టేక్ కొంచెం పెరిగింది, అది అరుగుదల. ఎగ్జాస్ట్ అన్నీ తగ్గాయి, అది సీటింగ్. మూడోది మిగతావాటికంటే బాగా ఎక్కువ తగ్గింది. సెట్ చేయండి, కానీ ఆశ మొత్తం దాని మీదే పెట్టుకోకండి. వాల్వు అంచు అప్పటికే కాలి ఉంటే గ్యాప్ సరిచేసినంత మాత్రాన తిరిగి రాదు. సెట్ చేశాక ఇంజన్ని బాగా వేడెక్కించి, కంప్రెషన్ చూడండి. వేడి మీదే చూడాలి. చల్లగా చూస్తే ఈ జబ్బు దాక్కుంటుంది, ఎందుకంటే చల్లగా ఉన్నప్పుడు ఆ వాల్వు మూసుకుంటూనే ఉంది.

గంటస్తంభం_వీటెక్ | విజయనగరం
మర్నాడు తెల్లవారి సెట్టింగ్ చేశాను. ఇన్‌టేక్ అన్నీ 0.20, ఎగ్జాస్ట్ అన్నీ 0.25 దగ్గర పెట్టాను. ప్రతిదానికీ రెండు ఆకుల పరీక్ష. లాక్‌నట్టు బిగించేటప్పుడు స్క్రూ జరగడం గురించి మీరు చెప్పకపోతే సగం వాల్వులు తప్పు పెట్టి ఉండేవాణ్ని. స్క్రూడ్రైవర్ పిడి మీద మార్కర్‌తో గీత గీశాను. గీత కదిలితే స్క్రూ కదిలినట్టే. మధ్య రాకర్లు నాలుగూ స్వేచ్ఛగా కదిలాయి. కొత్త ప్యాకింగ్, కొత్త సీళ్లు విశాఖ నుంచి తెప్పించినవి వేశాను.

స్టార్ట్ చేయగానే మెల్లగా, సమంగా టిక్ టిక్. పదేళ్లుగా ఈ బండిలో వినని చప్పుడు. అమ్మ లోపలి నుంచి వచ్చి "ఏదో పాడు చేశావా?" అంది. కాదమ్మా, ఇప్పుడే బాగైంది అన్నాను.

హైవే మీద భోగాపురం వెళ్లి వెనక్కొచ్చి ఐడిల్‌లో పెట్టాను. వణుకు చాలా వరకు పోయింది. ఇంజన్ ఆపి వెంటనే స్టార్ట్ చేస్తే వెంటనే అందుకుంది. వేడి మీద కంప్రెషన్: ఒకటి 184, రెండు 182, మూడు 168, నాలుగు 185 పీఎస్‌ఐ.

ఎయిర్‌కూల్డ్_టెక్కలి | ఊరు టెక్కలి, ప్రస్తుతం అమెరికా
మూడో సిలిండర్ మిగతావాటికంటే పది శాతం లోపే తక్కువ ఉంది. వాల్వు బతికినట్టే ఉంది. అంచు కొద్దిగా దెబ్బతిని ఉండొచ్చు. ఇప్పుడు అది సరిగ్గా మూసుకుంటోంది కాబట్టి కొంత సర్దుకునే అవకాశమూ ఉంది. ఎవరో చేసి పెట్టారని కాక, మీరే కొలిచి పెట్టుకున్నారు చూడండి, దానికి అభినందనలు.

బొబ్బిలి_షెడ్డు | బొబ్బిలి
ఆ టిక్ టిక్ అలాగే ఉండనివ్వండి. ఎవరైనా "ట్యాపెట్లు లూజున్నాయి, టైట్ చేయనా" అంటే బోనెట్ మూసేయండి. ఆ కాగితం ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, నా షెడ్డులో గోడకి అంటిస్తాను. కస్టమర్లకి నోటితో చెబితే నమ్మరు, అంకెలు చూపిస్తే నమ్ముతారు.

చీపురుపల్లి_చిన్నా | చీపురుపల్లి
అన్నా, మావయ్య గారితో మాట్లాడాను. జిప్సీ సౌండ్ పోయింది అన్నానే, అది ఇప్పుడు నాకు టెన్షన్‌గా ఉంది. దాని మాన్యువల్ సంపాదించాను. వచ్చే ఆదివారం పొద్దున్నే విప్పుదామనుకుంటున్నాం. నువ్వు గేజ్ పట్టుకుని రాగలవా?

గంటస్తంభం_వీటెక్ | విజయనగరం
తప్పకుండా వస్తాను తమ్ముడూ. శనివారం సాయంత్రం నుంచి బండి కదపొద్దని మావయ్య గారికి చెప్పు. ప్యాకింగ్ ముందే తెచ్చుకోండి, విప్పాక పాతదే వేద్దామనుకోవద్దు. 0.25 ఆకు పక్కన పెట్టి కొత్తది కొంటాను.

నాగావళి_మాస్టారు | శ్రీకాకుళం
గంటస్తంభం వారూ, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ రెండూ మళ్లీ కొలవండి, మిగతావి ముట్టుకోనక్కర్లేదు. 0.25 దగ్గరే నిలిస్తే మళ్లీ 20 వేలకి చూడొచ్చు. అప్పటికే 0.20 కిందకి దిగితే సీటింగ్ జారుతోందన్నమాట, హెడ్ పనికి డబ్బు దాచుకోవడం మొదలుపెట్టండి. ఏది వచ్చినా ఇక్కడే రాయండి.

గంటస్తంభం_వీటెక్ | విజయనగరం
రాస్తాను మాస్టారూ. వచ్చే నెల అరకు వెళ్లొస్తే వెయ్యి పూర్తవుతుంది, రాగానే కొలుస్తాను.